అత్తవారి ఇంటిపేరు ఎక్కడ పుట్టిందో వెతకాలంటే

చి.ల.సౌ. వైదేహికి బాబాయి ఆశీస్సులు.

అల్లుడుగారి ఇంటిపేరు స్వీడన్ మొత్తానికి నలభై మందికి మించి లేదనీ, అదెక్కడ పుట్టిందో తెలుసుకోవాలని ఉందనీ రాశావు. తప్పకుండా వెతుకు. ఆ పేరు మాత్రం ఈ ఉత్తరంలో రాయను. నలభై మందికే ఉన్న పేరు రాశామంటే మనుషుల్ని వేలుపెట్టి చూపించినట్టే.

ముందు నిఘంటువు పక్కన పెట్టు. పేరును రెండు ముక్కలు చేసి, ఇది కొండ, అది కొమ్మ అని అర్థం చెప్పుకోవాలని అందరికీ మనసు పీకుతుంది. దానివల్ల ఒరిగేదేమీ లేదు. 'నొబెల్' చూడు. చూడగానే ఉన్నతం, గొప్ప అనే అర్థం తడుతుంది. నిజానికి అది ఒక ఊరిపేరు ముక్క. దక్షిణాన స్కోనె ప్రాంతంలో ఓస్ట్రా నొబ్బెలోవ్ అనే పల్లె ఉంది. అక్కడి పేత్రుస్ ఒలాయ్ అనే కుర్రాడు ఉప్సాలా విశ్వవిద్యాలయంలో చదువుకుని, ఊరిపేరుకు లాటిన్ తోక తగిలించి నొబెలియుస్ అయ్యాడు. అతని మనవడు ఇమాన్యుయెల్ ఆ తోక తీసేసి నొబెల్ అని రాసుకున్నాడు. ఆ ఇమాన్యుయెల్ మనవడే బహుమతుల ఆల్‌ఫ్రెడ్ నొబెల్. ఈ సంగతి నిఘంటువు చెప్పదు, పారిష్ పుస్తకం చెబుతుంది. పారిష్ అంటే ఒక చర్చి కిందికి వచ్చే ప్రాంతం.

స్వీడన్‌లో వంశపారంపర్యంగా వచ్చే ఇంటిపేరు చాలామందికి కొత్త వ్యవహారం. పల్లెల్లో తండ్రి పేరే బిడ్డల పేరులో చేరేది. ఆండెర్స్ కొడుకు పేర్ అయితే పేర్ ఆండెర్సన్. అతని కొడుకు నిల్స్ అయితే నిల్స్ పేర్సన్, కూతురు అన్నా అయితే అన్నా పేర్స్‌డొట్టెర్. తరం మారితే పేరూ మారిపోయేది. పెళ్ళయినా ఆడవాళ్ళు భర్త పేరు తీసుకునేవారు కాదు, పుస్తకాల్లో పుట్టింటి పేరుతోనే ఉంటారు. కుటుంబాలు ఇంటిపేరు ఎలా పెట్టుకోవాలో చెప్పే ఉత్తర్వు 1901లో వచ్చింది. అంతకుముందే ఒక అరుదైన పేరు కనబడుతోందంటే, ఏదో ఒక తరంలో ఒక మనిషి దాన్ని కోరి పెట్టుకున్నాడు, లేదా ఇంకొకరు అతనికి పెట్టారు. నువ్వు పట్టుకోవలసింది ఆ మనిషినే.

ముందు లెక్క తేల్చుకో. గణాంక సంస్థ ఎస్‌సీబీ వెబ్‌సైట్‌లో పేరు కొడితే ఎంతమందికి ఉందో చెబుతుంది. ఆండెర్సన్ అని కొడితే రెండు లక్షలు దాటుతుంది. దేశ జనాభా కోటీ అయిదు లక్షలు అనుకుంటే, నలభై మంది అంటే రెండున్నర లక్షల పైచిలుకు జనంలో ఒక్కరు. అయితే ఈ నలభై మందీ ఒకే వేరు నుంచి వచ్చారని తొందరపడకు. అందులో కోడళ్ళుంటారు, భార్య పేరు తీసుకున్న అల్లుళ్ళుంటారు, తల్లివైపు పేరు పెట్టుకున్నవాళ్ళుంటారు. పేరు పొట్టిదైతే వేరే దేశం నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళు కూడా అవే అక్షరాలతో కలిసిపోయి ఉంటారు. ఇంకో సంగతి. 2017 జులై నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం 2000 మందికి తగ్గకుండా ఉన్న పేరునే ఎవరైనా స్వేచ్ఛగా పెట్టుకోవచ్చు. అంతకన్నా అరుదైన పేరు పెట్టుకోవాలంటే ఆ కుటుంబంతో సంబంధం చూపించాలి. అందుకని మీ పేరును ఈమధ్య ముక్కూమొహం తెలియనివాళ్ళు తగిలించుకుని ఉంటారన్న భయం పెద్దగా అక్కర్లేదు.

ఈనాటి లెక్కకన్నా పాత లెక్క విలువైనది. జాతీయ పురాలేఖశాల రిక్సార్కీవెట్ 1880, 1890, 1900, 1910 జనగణనల్ని పేరు కొట్టి వెతికేలా పెట్టింది. నాలుగింటిలోనూ విడివిడిగా వెతుకు. కనబడిన ప్రతి మనిషికీ నాలుగు సంగతులు రాసుకో: పుట్టిన ఏడు, పుట్టిన పారిష్, అప్పుడు ఉంటున్న పారిష్, వృత్తి. ఉంటున్న చోటుకన్నా పుట్టిన చోటు ముఖ్యం. ఒకరు స్టాక్‌హోమ్‌లో, ఒకరు గోథెన్‌బర్గ్‌లో, ఒకరు గనుల దగ్గర ఉన్నా, ముగ్గురూ ఒకే పారిష్‌లో పుట్టారంటే ఊట దొరికినట్టే. పుట్టిన పారిష్‌లు రెండు మూడు దూరపు చోట్ల కుప్పలుగా పడితే మాత్రం ఆ పేరు ఒకటికన్నా ఎక్కువసార్లు పుట్టిందని అనుకోవాలి.

వెతికేటప్పుడు స్పెల్లింగు నిన్ను ముప్పుతిప్పలు పెడుతుంది. 1906లో స్వీడిష్ వర్ణక్రమం మార్చారు కానీ ఇంటిపేర్లు చాలావరకు పాత రాతలోనే ఉండిపోయాయి. 'క్విస్ట్' అనే ముక్కనే తీసుకో: కే-వి, క్యూ-వి, క్యూ-యు అని మూడు రకాలుగా రాస్తారు. వి ఉన్నచోట ఎఫ్, ఎఫ్-వి, డబ్ల్యూ కూడా పెట్టి చూడు. కే బదులు సి పెట్టి చూడు. ఓ మీద రెండు చుక్కలు, ఏ మీద రెండు చుక్కలు, ఏ మీద చిన్న సున్నా, ఈ మూడూ వాళ్ళకు విడి అక్షరాలు, అక్షరమాలలో జెడ్ తర్వాత వస్తాయి. చుక్కలు వదిలేస్తే వేరే పేరు వెతికినట్టే. పాదిరి చెవికి ఎలా వినిపిస్తే అలా రాసిన రోజులవి, కాబట్టి ఒకే మనిషి పేరు మూడు పేజీల్లో మూడు రకాలుగా కనిపించినా కంగారుపడకు. పుట్టిన తేదీని పట్టుకుని మనిషిని గుర్తుపట్టు. తేదీలో రోజు ముందు, నెల తర్వాత రాస్తారు.

ఇక వెనక్కి నడక. ఇంట్లో మీ అత్తగారినీ మామగారినీ కూర్చోబెట్టి తాతముత్తాతల పుట్టిన తేదీలూ పారిష్‌లూ అడిగి రాసుకో. జనాభా లెక్కల పని 1991 జులై నుంచి పన్నుల శాఖ స్కాట్టెవెర్కెట్ చూస్తోంది, అంతకుముందు చర్చివారే చూసేవారు. చర్చి పుస్తకాల్లో ఇటీవలివి డెబ్భై ఏళ్ళ గోప్యత కింద ఉంటాయి కాబట్టి మొదటి రెండు తరాలకు ఇంటివాళ్ళ జ్ఞాపకాలూ, స్కాట్టెవెర్కెట్ ఇచ్చే పత్రాలే దిక్కు. ఆ తర్వాతవన్నీ రిక్సార్కీవెట్ వెబ్‌సైట్‌లో 2018 నుంచి ఉచితం.

పుస్తకాలకు అక్షరాల గుర్తులుంటాయి, అవి కంఠతా పట్టు. ఏ-1 అంటే ఇంటింటి పరీక్షల పుస్తకం, ఏ-2 అంటే 1895 నుంచి దాని స్థానంలో వచ్చిన పారిష్ పుస్తకం. బి వలసలు, సి పుట్టుకలు, 'ఈ' అక్షరం పెళ్ళిళ్ళు, ఎఫ్ చావులు. నీ పని ఎక్కువగా ఏ-1తోనే. పాదిరి ఇంటింటికీ వెళ్ళి బైబిలు పాఠాలు ఎంతవరకు వచ్చో పరీక్షించి రాసుకున్న పద్దు అది. ఒక్కో పేజీ ఒక్కో కమతానికి. వరసగా ఇంటాయన, భార్య, పిల్లలు, పాలేరు, పనిపిల్ల. ఒక్కొక్కరికీ పుట్టిన తేదీ, పుట్టిన పారిష్, ఎక్కడినుంచి వచ్చారు, ఎక్కడికి వెళ్ళారు, చదవడం వచ్చా, మశూచి సోకిందా, ఇలా గడులుంటాయి. పేరు మీద గీత కొట్టి ఉంటే తప్పుచేశాడని కాదు, ఆ మనిషి ఆ పేజీ వదిలి వెళ్ళాడని: చనిపోయి ఉండాలి, లేదా ఊరు మారి ఉండాలి. గీత పక్కనున్న చిన్న అంకె అతను చేరిన పేజీ కావచ్చు. తొందరలో ఆ అంకెను చూడకుండా దాటిపోతుంటారు, అక్కడే దారం తెగిపోతుంది. 'డిఆర్' అంటే పాలేరు, 'పిగ' అంటే పనిపిల్ల, 'హు' అంటే భార్య, 'సోల్డ్' అంటే సిపాయి.

ఒక్కో పుస్తకం దాదాపు అయిదు నుంచి పదేళ్ళ కాలానికి. వెనక్కి ఒక్కో పుస్తకం దిగుతూ వెళితే, ఒకచోట మీ పేరు పోయి ఉత్త 'సన్' పేరు మిగులుతుంది. అదే మనిషి, అదే పుట్టినరోజు, పేరు మాత్రం వేరు. అక్కడ ఆగి ఆ మనిషి పని ఏమిటో చూడు. మిగతా కథంతా అక్కడే ఉంటుంది.

అతను సిపాయి అయితే దారి సుగమం. 1682లో పదకొండవ కార్ల్ రాజు కాలంలో ఒక పద్ధతి మొదలైంది. కొన్ని కమతాలు కలిసి ఒక 'రోటె' అయ్యి ఒక సిపాయిని పోషించాలి, అతనికి ఒక గుడిసె, కాస్త నేల ఇవ్వాలి. పటాలంలో పదిమంది ఆండెర్స్ ఆండెర్సన్లుంటే ఎవర్ని పిలిచారో తెలియదు కదా, అందుకని పొట్టి పేర్లు పెట్టారు: రాస్క్ అంటే చురుకైనవాడు, మూడిగ్ అంటే ధైర్యశాలి, స్టోల్ అంటే ఉక్కు, షోల్డ్ అంటే డాలు. మోసపోయేది ఇక్కడే. చాలాచోట్ల పేరు మనిషిని వదిలి గుడిసెను పట్టుకునేది. ఒక రాస్క్ పోతే అతని స్థానంలో వచ్చినవాడూ రాస్క్ అయ్యేవాడు, ఇద్దరికీ ఏ చుట్టరికమూ ఉండదు. వరసగా నలుగురు రాస్క్‌లు కనబడగానే తాత, తండ్రి, కొడుకు అని వంశవృక్షం గీసేసినవాళ్ళు ఎందరో. కొలువు వదిలాక కొందరు ఆ పేరు ఉంచుకున్నారు, కొందరు వదిలేశారు. అన్నదమ్ముల్లోనే ఒకరు అలా, ఒకరు ఇలా. సిపాయి అని తేలితే సైనిక తనిఖీ పద్దులు చూడు. రెజిమెంటు, కంపెనీ, సిపాయి నంబరు పట్టుకుని వెతకాలి. వయసు, కొలువు చేసిన ఏళ్ళు, పెళ్ళయిందా లేదా అన్నీ అందులో దొరుకుతాయి. 1901లో ఆ పద్ధతి ఎత్తేశారు.

పాదిరో, చదువుకున్నవాడో అయితే పేరుకు లాటిన్, గ్రీకు వాసన ఉంటుంది: చివర ఇయుస్, ఏలియుస్, ఆండెర్ లాంటివి. ఆండెర్ గ్రీకులో మనిషి. ఇవి తరచుగా ఊరిపేరునో ఇంటి గుర్తునో దాచుకుంటాయి. స్మోలాండ్‌లో ఒక కమతంలోని ఒకే లిండెన్ చెట్టు నుంచి మూడు పేర్లు వచ్చాయి: లిన్నేయుస్, లిండేలియుస్, టిలియాండెర్. మూడోదానికి ఆ చెట్టు లాటిన్ పేరైన టిలియా ఆధారం. మొక్కలకు శాస్త్రీయ నామాలు పెట్టిన కార్ల్ లిన్నేయుస్ తండ్రి నిల్స్ ఇంగెమార్సన్ చదువుకు వెళ్ళినప్పుడు ఆ పేరు తీసుకున్నాడు. అక్షరాల్లో పోలిక లేదు, చుట్టరికం మాత్రం ఉంది. ఇలాంటివాటికి విశ్వవిద్యాలయ చేరికల పద్దులు చూడు. ఉప్సాలా 1477లో, లుండ్ 1666లో పుట్టాయి. విద్యార్థుల్ని సొంత ప్రాంతాల వారీగా 'నేషన్' అనే సంఘాల్లో చేర్చేవారు కాబట్టి, నేషన్ తెలిస్తే ఏ సీమవాడో తెలుస్తుంది.

డాలర్నా వాడైతే నీకు పుట్టింటికి వెళ్ళినట్టుంటుంది. అక్కడ కమతం పేరు మనిషి పేరుకు ముందు వస్తుంది, అచ్చం మన ఇంటిపేరులా. 19వ శతాబ్దపు పార్లమెంటు సభ్యుడు లిస్ ఊలొఫ్ లార్సన్ పేరులో 'లిస్' అలాంటిదే. అయితే తేడా గమనించు: మన ఇంటిపేరు తండ్రి నుంచి వస్తుంది, వాళ్ళది నేల నుంచి వస్తుంది. ఇల్లరికం వెళ్ళిన అల్లుడికి అత్తవారి కమతం పేరే వచ్చేది. తండ్రివైపే వెతుకుతూ పోతే అక్కడ దారి తప్పుతావు.

పేరు ఫ్రెంచిలా వినిపిస్తే, 17వ శతాబ్దంలో ఇప్పటి బెల్జియం వైపు నుంచి ఉప్లాండ్ ఇనుప కర్మాగారాలకు వచ్చిన వాలోన్ కొలిమి పనివాళ్ళను చూడు. కర్మాగారాల యజమాని లూయీ డి గీర్ రప్పించిన వాళ్ళలో జిల్, బొన్నెవియే లాంటి పేర్లు ఈనాటికీ ఉన్నాయి. ఫిన్లాండ్ 1809 దాకా స్వీడన్‌లో భాగం కాబట్టి అటువైపు కూడా ఒక చూపు వెయ్యి.

1910 జనగణన దాకా ఎక్కడా పేరు లేదంటే ఏడుపు మొహం పెట్టకు. 20వ శతాబ్దంలో ఆండెర్సన్, యోహాన్సన్‌ల గుంపు నుంచి బయటపడాలని లెక్కలేనంతమంది కొత్త పేర్లు కట్టించుకున్నారు. 2017 దాకా పేటెంట్ల శాఖ పీఆర్‌వీ ఆ దరఖాస్తులు చూసింది. పారిష్ పుస్తకంలో పాత పేరు కొట్టేసి పైన కొత్తది రాసి ఉంటుంది. అప్పుడు మీ ఇంటిపేరు పుట్టిన రోజు నీకు దొరికినట్టే. అక్కడినుంచి 'సన్' పేరు పట్టుకుని వెనక్కి పో.

అమెరికాలోనూ ఈ పేరు ఉందేమో చూస్తావుగా. 1850 నుంచి 1930 దాకా సుమారు 13 లక్షలమంది స్వీడన్ నుంచి వలస వెళ్ళారు. న్యూయార్క్ రేవులో అధికారులు పేర్లు మార్చేశారన్న కథ నమ్మకు, వాళ్ళు ఓడ జాబితా చూసి టిక్కు పెట్టినవాళ్ళే. పేరు మార్చుకున్నది మనుషులే, స్థిరపడ్డాక. గోథెన్‌బర్గ్ పోలీసుల వలస జాబితాలు 1869 నుంచి ఉన్నాయి, అందులో స్వీడన్ రాతే దొరుకుతుంది.

డీఎన్‌ఏ పరీక్ష చేయిస్తే తేలిపోతుందని ఎవరైనా అంటే ఆగు. తరతరానికీ పేరు మారిన దేశంలో, ఒకే తండ్రి వంశంవాళ్ళ ఇంటిపేర్లు కలవకపోవడం మామూలే. కాగితం చూపించిన చుట్టరికం సరిచూసుకోవడానికి పనికొస్తుంది, వెతుకులాట దానితో మొదలుపెట్టకు.

పారిష్ పేరు రాసేటప్పుడు పక్కన జిల్లా తప్పక రాయి. నొబ్బెలోవ్‌లే స్కోనెలో ఒకటికి మించి ఉన్నాయి. ఊరిపేరు అర్థం కావాలంటే భాషా జానపద సంస్థ ఐసోఫ్ వారి స్థలనామాల కార్డులు చూడు. అది ఆఖరి మెట్టు, మనిషి దొరికాక.

ఈ ఆదివారం రెండు పనులు చెయ్యి. మామగారి తాత పుట్టిన తేదీ, పారిష్ కనుక్కో. ఆయన కనబడిన మొదటి పేజీ ఫొటో తీసి, పారిష్, జిల్లా, పుస్తకం గుర్తు, సంవత్సరాలు, పేజీ నంబరు ఫొటో కిందే రాసి పంపు. గీతలూ పక్కనున్న అంకెలూ కనబడేలా పేజీ మొత్తం తియ్యి, ఒక్క వరస కత్తిరించి పంపకు. పక్క వరసల్లో ఎవరున్నారో కూడా నాకు కావాలి.

అల్లుడుగారిని అడిగానని చెప్పు.

మీ బాబాయి