ఏపీ క్రెడిట్లన్నీ వాడుకోవాలా? మా ఇంట్లో రెండుసార్లు వచ్చిన ప్రశ్న

మీ అబ్బాయి ఈ ఆగస్టులో మెకానికల్‌లో చేరుతున్నాడు, ఏడు ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సులు) పరీక్షలు రాశాడు, ఆ క్రెడిట్లన్నీ వాడుకుంటే మూడేళ్ళలో డిగ్రీ అయిపోతుందా అని అడిగారు. మూడేళ్ళ మాట మర్చిపోండి. క్రెడిట్లు మాత్రం పనికొస్తాయి, కాకపోతే మీరు అనుకున్న చోట కాదు.

మేం డాలస్ దగ్గర ఉంటాం. పిల్లలిద్దరూ టెక్సాస్‌లోని ప్రభుత్వ యూనివర్సిటీల్లోనే ఇంజనీరింగ్ చదివారు. (అప్పట్లో మా అమ్మ తెనాలి నుంచి ఫోన్ చేసి, "ఏపీ పరీక్షలంటే మన ఏపీవేనా, అక్కడ కూడా పెడుతున్నారా?" అని అడిగింది. కాదమ్మా, కాలేజ్ బోర్డ్ అని ఒక సంస్థ మే నెలలో పెడుతుంది, 5కి మార్కులేస్తారు అన్నాను. "అయిదుకేనా!" అని నిరాశపడింది.)

మా పెద్దమ్మాయి కాల్‌క్యులస్ బీసీ అనే ఏపీ పరీక్ష పదకొండో తరగతిలోనే రాసింది, 5 వచ్చింది. ఆ స్కోరుకి కాల్‌క్యులస్ 1, 2 రెండూ అయిపోయినట్టే లెక్క. రెండు కోర్సుల ఫీజు మిగిలిందని సంబరపడింది నేనే. పన్నెండులో స్టాటిస్టిక్స్ తీసుకుంది. అంటే మేలో పరీక్ష రాసిన తర్వాత పదిహేను నెలల పాటు ఇంటిగ్రేషన్ ముఖం చూడలేదు. మొదటి సెమిస్టర్‌లోనే నేరుగా కాల్‌క్యులస్ 3లో కూర్చుంది. చుట్టూ ఉన్నవాళ్ళలో చాలామంది అక్కడే కాల్‌క్యులస్ 2 చదివి వచ్చిన సెకండ్ ఇయర్ వాళ్ళు. పైగా ఏపీ పరీక్షలో కొంత భాగానికి టీఐ-84 కాలిక్యులేటర్ చేతిలో ఉంటుంది, అక్కడ పరీక్షలో కాలిక్యులేటర్ ముట్టుకోనివ్వలేదు. మొదటి మిడ్‌టర్మ్‌లో వందకి 47. చివరికి సి గ్రేడ్.

ఇక్కడే అసలు దెబ్బ తగిలింది. వాళ్ళ కాలేజీలో మొదటి ఏడాది అందరిదీ జనరల్ ఇంజనీరింగే, ఏడాది చివర జీపీఏ (గ్రేడ్ల సగటు) చూసి బ్రాంచ్ ఇస్తారు. ఏపీ క్రెడిట్‌కి గ్రేడ్ ఉండదు, జీపీఏలో కలవదు. తేలిగ్గా ఏ గ్రేడ్ తెచ్చుకోగల రెండు కోర్సులు లెక్కలోకి రాలేదు, ఆ సి మాత్రం వచ్చింది. ఏరోస్పేస్ కావాలనుకుంది, రెండో ఛాయిస్ దొరికింది. ఇప్పుడు మంచి ఉద్యోగంలోనే ఉంది గానీ, ఆ మాట ఎత్తితే టాపిక్ మారుస్తుంది.

ఇది నాకు ముందే తట్టాల్సింది. నేను ఇంజనీరింగ్ చదివేటప్పుడు పాలిటెక్నిక్ చేసినవాళ్ళు ఈసెట్ రాసి నేరుగా సెకండ్ ఇయర్‌లోకి వచ్చేవాళ్ళు. డ్రాయింగ్‌లో, వర్క్‌షాప్‌లో మాకంటే ఎంతో ముందుండేవాళ్ళు. మాథ్స్ పేపర్ దగ్గరకొచ్చేసరికి మాత్రం పాపం రాత్రుళ్ళు కూర్చునేవాళ్ళు. ఏడాది దాటేస్తే ఏమవుతుందో కళ్ళారా చూసినవాణ్ణే, సొంత కూతురి దగ్గర మర్చిపోయాను.

5 వచ్చిందంటే సబ్జెక్టు పూర్తిగా వచ్చినట్టే కదా అంటారేమో. బీసీ రాసేవాళ్ళలో ఈమధ్య ఏటా 40 శాతానికి పైగా 5 తెచ్చుకుంటున్నారు. ఎంఐటీలో బీసీ 5కి మొదటి కాల్‌క్యులస్ కోర్సుకే క్రెడిట్ ఇస్తారు. కాల్‌టెక్ అయితే ఏ ఏపీకీ క్రెడిట్ ఇవ్వదు.

చిన్నవాడి దగ్గర జాగ్రత్తపడ్డాం. హిస్టరీ, గవర్నమెంట్, ఇంగ్లిష్ క్రెడిట్లు కళ్ళు మూసుకుని తీసుకున్నాం. టెక్సాస్ పబ్లిక్ యూనివర్సిటీల్లో ఏ డిగ్రీకైనా అమెరికా చరిత్ర 6 క్రెడిట్ గంటలు, గవర్నమెంట్ 6 గంటలు తప్పనిసరి, ఇంజనీరింగ్ వాళ్ళకీ మినహాయింపు లేదు. టెక్సాస్ రాష్ట్ర ప్రభుత్వం గురించిన పాఠం ఏపీలో ఉండదు కాబట్టి ఆ ఒక్క కోర్సు సమ్మర్‌లో కమ్యూనిటీ కాలేజీలో కానిచ్చాడు. ఫిజిక్స్ 1లో వచ్చిన 5 మాత్రం గంగలో కలిసింది. అందులో కాల్‌క్యులస్ ఉండదు కదా, ఇంజనీరింగ్ డిగ్రీ లెక్కలోకి తీసుకోలేదు. ఫిజిక్స్ సీ అయ్యుంటే కథ వేరు.

కాల్‌క్యులస్‌కి మాత్రం ఒక పరీక్ష పెట్టాను. యూనివర్సిటీ మాథ్స్ డిపార్ట్‌మెంట్ వెబ్‌సైట్‌లో పాత ఫైనల్ పేపర్లు ఉన్నాయి. జులైలో ఒక ఆదివారం కాల్‌క్యులస్ 1ది, మరో ఆదివారం 2ది ప్రింట్ తీసి డైనింగ్ టేబుల్ మీద పెట్టి, కాలిక్యులేటర్ లాక్కుని, టైమ్ పెట్టి రాయమన్నాను. మొదటిది 88 వచ్చింది. రెండోది 60 దాటలేదు, సిరీస్ చాప్టర్ మొత్తం మర్చిపోయాడు. దాంతో 1కి క్రెడిట్ తీసుకుని 2 అక్కడే చదివాడు. "మళ్ళీ అదేనా నాన్నా" అని వారం రోజులు సణిగాడు, ఏ గ్రేడ్ తెచ్చుకున్నాడు.

మూడేళ్ళు ఎందుకు కుదరదంటే, మెకానికల్ ఒక గొలుసు. కాల్‌క్యులస్, ఫిజిక్స్, తర్వాత స్టాటిక్స్, డైనమిక్స్, థర్మో, ఫ్లూయిడ్స్, హీట్ ట్రాన్స్‌ఫర్, చివర సీనియర్ డిజైన్ ప్రాజెక్ట్. ఒకటి అయితేగానీ ఇంకోటి ఇవ్వరు, కొన్ని ఫాల్ సెమిస్టర్‌లోనే పెడతారు. హిస్టరీలో ఎన్ని క్రెడిట్లున్నా ఈ గొలుసు ఒక్క లింకు కూడా తగ్గదు. మహా అయితే ఒక సెమిస్టర్ మిగులుతుంది.

మరి మా వాడికి ఏం కలిసొచ్చిందంటే, ఊపిరి పీల్చుకునే టైమ్. స్నేహితులు సెమిస్టర్‌కి 16, 17 గంటలు మోస్తుంటే వీడు 13తో నడిచాడు. క్రెడిట్లు ఎక్కువ ఉన్నందుకు రిజిస్ట్రేషన్ ముందే తెరుచుకుని మంచి ప్రొఫెసర్ల సెక్షన్లు దొరికాయి. ఒక సెమిస్టర్ మొత్తం కో-ఆప్‌కి (చదువు మధ్యలో కంపెనీలో పనికి) వెళ్ళొచ్చినా నాలుగేళ్ళలోనే బయటపడ్డాడు. గంటలు 12 కంటే తగ్గితే మాత్రం ఫుల్‌టైమ్ పోతుంది, స్కాలర్‌షిప్‌కీ ఎసరొస్తుంది, అది చూసుకోండి.

స్కోర్లు కాలేజ్ బోర్డ్ నుంచి యూనివర్సిటీకి పంపారా? కొన్ని చోట్ల పంపాక కూడా ఏది కావాలో మనమే ఎంచుకోవాలి, ఒకసారి ఒప్పుకున్నాక వెనక్కి తీసుకోరు. కాబట్టి ఓరియెంటేషన్‌లో అడ్వైజర్‌ని కలిసేదాకా మాథ్స్, ఫిజిక్స్ క్రెడిట్లు ఒప్పుకోవద్దని మీవాడికి చెప్పండి. బీసీ ఏ తరగతిలో రాశాడో, ఫిజిక్స్ 1 రాశాడో సీ రాశాడో ఇక్కడ రాస్తే ఇంకాస్త చెప్పగలను.