ఆయిల్ ఎక్కడ పడుతోందో ముందు చూడండి

పాఠకుల ప్రశ్నలకు నెల్లూరు మెకానిక్ జవాబులు

ప్రశ్న: కాలేజీ రోజుల నుంచి ఆశపడ్డ కారు నిరుడు సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. 2005 మోడల్ స్పోర్ట్స్ సెడాన్, ఇరవై వాల్వుల 1.8 టర్బో పెట్రోల్ ఇంజిన్. లాగుడు ఇప్పటికీ బ్రహ్మాండం. మొన్న నెల్లూరు నుంచి వస్తూ టంగుటూరు టోల్‌గేటు దగ్గర ఆగగానే బానెట్ వెనక అంచులోంచి పొగ లేచింది. ఏసీలో మాడిన నూనె వాసన. ఇంట్లో బండి పెట్టే చోట నేల మీద చుక్క కూడా లేదు. మెకానిక్ ఒకాయన క్రాంక్ సీలు పోయింది, గేర్‌బాక్స్ దించాలి, పనిలో పని ఇంజిన్ కూడా విప్పేద్దాం అంటున్నారు. అమ్మేమో తగలబడి పోతావు, ఎవరికైనా ఇచ్చెయ్యరా అని రోజూ పోరు. నిజంగా అంటుకుంటుందా?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: బాబూ, అమ్మ భయం ఉత్తి భయం కాదు. అలాగని కారు అమ్మే పని లేదు, ఇంజిన్ దించే పని కూడా ఇప్పుడే లేదు. లీకు ఎక్కడో తేలేదాకా మాత్రం బండిని హైవే ఎక్కించవద్దు.

మీ ఉత్తరంలోనే సగం జవాబు ఉంది. క్రాంక్ వెనక సీలు అంటే ఇంజిన్ ఇరుసు గేర్‌బాక్స్ వైపు బయటికొచ్చే చోట ఆయిల్‌ను ఆపే రింగు. అది పోతే ఆయిల్ ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య అడుగున కారుతుంది. అక్కడ నుంచి ఏసీలోకి వాసన రావడం అరుదు. మీకు పొగ బానెట్ వెనక అంచు దగ్గర వచ్చింది. ఈ ఇంజిన్‌లో కాలిన పొగ బయటకు పోయే గొట్టం, అంటే ఎగ్జాస్ట్ మానిఫోల్డు, టర్బో రెండూ వెనక వైపే, అంటే డాష్‌బోర్డు గోడ వైపే ఉంటాయి. ఏసీ బయటి గాలి పీల్చేది ముందు అద్దం కింద, సరిగ్గా అక్కడే. అంటే పైనుంచి ఎక్కడో ఆయిల్ జారి మానిఫోల్డు మీద పడుతోంది. బండి పరిగెడుతున్నంతసేపు గాలి తగులుతూ పొగను ఈడ్చుకుపోతుంది. టోల్‌గేటు దగ్గర ఆగారు, గాలి ఆగింది, బానెట్ కింద వేడి ఒక్కసారిగా పెరిగింది, పొగ బయటపడింది. నేల మీద చుక్క లేకపోవడానికి కారణం ఇంజిన్ కింద ఉండే ప్లాస్టిక్ షీల్డు. కారిందంతా అది పట్టేసుకుంటుంది.

ఆయిల్ లీకు అనగానే అందరూ ఎంత కారుతోంది అని అడుగుతారు. నేను ఎక్కడ పడుతోంది అని అడుగుతాను. గేర్‌బాక్స్ కింద రోజుకు నాలుగు చుక్కలు పడే బండి ఏళ్ల తరబడి తిరుగుతుంది. మానిఫోల్డు మీద ఒక్క చుక్క పడుతున్నా ఆ వారమే పని మొదలుపెట్టాలి. ఇంజిన్ ఆయిల్ సుమారు 200 డిగ్రీలు దాటాక మండే ఆవిరి వదులుతుంది. నిప్పురవ్వ లేకుండా దానంతట అది అంటుకోవాలంటే 350 డిగ్రీల పైచిలుకు కావాలి, గాలి ఆడే చోట ఇంకా ఎక్కువే. మామూలుగా తోలితే పొగ వచ్చి ఊరుకుంటుంది. కానీ మీది టర్బో. కావలి దాటాక రోడ్డు ఖాళీగా ఉందని తొక్కిపట్టి వస్తే టర్బో ఒళ్లు ఎర్రగా కాలుతుంది. అక్కడ వేడి ఆ 350 డిగ్రీలను ఎప్పుడో దాటేసి ఉంటుంది. పైగా షీల్డు లోపల, బానెట్ కింద అతికించిన మెత్తటి గుడ్డ లాంటి పొర ఆయిల్ తాగి ఉంటే దీపం వత్తి లాగే పనిచేస్తుంది. ఒకసారి అందుకుంటే చేత్తో ఆపే మంట కాదది.

ఇంకో ప్రమాదం ఉంది, దీన్ని ఎవరూ పట్టించుకోరు. లీకు వల్ల లోపల ఆయిల్ తగ్గిపోవడం. అమెరికాలో 1984 మోడల్ పాంటియాక్ ఫియరో అనే చిన్న స్పోర్ట్స్ కారుకు ఇంజిన్ మంటలతోనే చెడ్డపేరు వచ్చింది. ఆయిల్ తక్కువైన ఇంజిన్‌లో పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ విరిగి బ్లాక్‌ను చీల్చుకుని బయటకొచ్చేది, లోపలి ఆయిల్ కాలుతున్న ఎగ్జాస్ట్ మీద కుమ్మరించేది. 2014లో పోర్షే 911 జీటీ3 కార్లు మొత్తం 785 వెనక్కి పిలిచి ఇంజిన్లే మార్చారు. అక్కడ ఆయిల్ తగ్గడం కాదు, రాడ్ బోల్టులు వదులయ్యాయి. కానీ చివరికి జరిగింది అదే, క్రాంక్‌కేస్ పగిలి ఆయిల్ బయటపడి అంటుకుంది. కొత్త కారుకే తప్పలేదు. మీ బండికి ఆదివారం ఆదివారం పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, చదును నేల మీద డిప్‌స్టిక్ తీసి చూడండి. ఆయిల్ లైటు వెలిగేదాకా ఆగితే అప్పటికే ఆలస్యం అయినట్టు.

ఇక లీకు పట్టడం. ముందు ఇంజిన్ కడగాలి. మన షెడ్లలో పెట్రోల్ గన్నుతో కొట్టి కడిగే అలవాటు ఇంకా ఉంది, దయచేసి ఒప్పుకోవద్దు. నేను నా షెడ్డులో ఆ గన్ను ముట్టుకోనివ్వను. డీజిల్ వాష్ కూడా వద్దు, జిడ్డు పొర మిగిలిపోయి ఏది కొత్త లీకో తెలియదు. డీగ్రీజర్ రాసి, కాయిల్స్‌కీ ఆల్టర్నేటర్‌కీ కవర్లు చుట్టి, సన్నటి నీళ్లతో కడిగించండి. ఆరాక, అనుమానం ఉన్న అంచుల మీద మామూలు ముఖం పౌడరు చల్లండి. ఊళ్లోనే కాసేపు తిప్పి వచ్చి, చల్లారాక టార్చీ, చిన్న అద్దం పట్టుకుని చూడండి. తెల్లటి పౌడరు మీద తేనె రంగు గీత ఒకటి దిగి ఉంటుంది. ఆ గీత పై కొస ఎక్కడుందో అదే లీకు. కింద ఎంత తడిసి ఉన్నా దాన్ని చూసి నిర్ణయించకూడదు, ఆయిల్ ఎప్పుడూ కిందికీ వెనక్కీ పోతుంది.

ఈ ఇంజిన్‌లో నేనైతే మొదట చూసేవి రెండు. ఒకటి, ఇంజిన్ పైమూత, అంటే హెడ్ కవర్, దాని ప్యాకింగ్ వెనక అంచు. రెండు, గేర్‌బాక్స్ వైపు కొసన క్యామ్ చైన్‌ను బిగుతుగా పట్టి ఉంచే టెన్షనర్ కింద ఉండే ప్యాకింగ్, దాంతోపాటు వచ్చే అర్ధచంద్రం ఆకారం రబ్బరు సీలు. ఇరవై ఏళ్ల వేడికి ఆ రబ్బరు గోరుతో నొక్కినా దిగనంత రాయి అయిపోతుంది. ఏ కంపెనీ రబ్బరైనా అంతే. అక్కడ నుంచి జారిన ఆయిల్ గేర్‌బాక్స్ మీదకు దిగితే అచ్చం క్రాంక్ సీలు పోయినట్టే కనిపిస్తుంది. మజ్డా మియాటా అనే రెండు సీట్ల కారులోనూ ఇదే చిక్కు. ఇంజిన్ వెనక పైభాగంలో ఉన్న సెన్సార్ తాలూకు ఒక చిన్న ఓరింగ్, అంటే రబ్బరు రింగు, కారితే, క్రాంక్ సీలనుకుని గేర్‌బాక్స్ దించినవాళ్లు ఎందరో. మీ మెకానిక్ చెడ్డవాడని నేను అనడం లేదు. పైన చూడకుండా కింద విప్పవద్దని చెప్పండి, అంతే.

ప్యాకింగ్ మార్చేముందు బ్రీథర్ పైపులు చూడాలి. ఇవి పెళుసుబారి చిట్లుతాయి, లేదా లోపల మడ్డి పట్టి పూడుకుపోతాయి. పూడుకుంటే ఇంజిన్ లోపలి గాలికి దారి లేక ఆయిల్‌ను సీళ్లలోంచి తోసేస్తుంది. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా ఆయిల్ మూత తీసి చెయ్యి అడ్డం పెట్టండి. కొంచెం పీల్చినట్టు ఉంటే మంచిది. ఉఫ్ ఉఫ్ మని గట్టిగా కొడుతుంటే బ్రీథరన్నా మూసుకుంది, పిస్టన్ రింగులన్నా అరిగాయి. అది తేల్చకుండా వేసిన కొత్త ప్యాకింగ్ మళ్లీ కారుతుంది, మీరేమో ప్యాకింగ్ నాసిరకం అనుకుంటారు.

కవర్ నట్లు 10 న్యూటన్ మీటర్లకు మించి బిగించకూడదు, టార్క్ రెంచి లేని షెడ్డులో ఈ పని చేయించవద్దు. సిలికాన్ పేస్టు మూలల్లో చుక్క పెడితే చాలు. అంచంతా పులిమితే ఎక్కువైనది లోపలికి రాలి, ఆయిల్ పీల్చే జల్లెడకు అడ్డం పడుతుంది. లీకు ఆగింది గానీ ఇంజిన్ పోయింది అనే పరిస్థితి అలాగే వస్తుంది. చివరగా కింది షీల్డు విప్పి, ఆయిల్ తాగిన మెత్తటి పొర ఉంటే పీకి పారేయించండి. ఈ పని అయ్యాక అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని సింగరాయకొండ దాకా వెళ్లి రండి.

ప్రశ్న: మా వారి టాప్‌లెస్ రెండు సీట్ల పాత కారు పోర్టికోలోనే ఎక్కువ ఉంటుంది, నెలకోసారి తీస్తారు. ఈ మధ్య పొద్దున్నే పోర్టికోలో పెట్రోల్ వాసన వస్తోంది. కొత్త పెట్రోల్‌లో ఇథనాల్ కలుస్తోంది కదా, ఆ వాసనే అంటున్నారు. పక్కనే ఇన్వర్టర్ ఉంది, నాకు టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: అమ్మా, ఇది చదవగానే ఇన్వర్టర్ అక్కడ నుంచి తీయించండి. పోర్టికోలో దీపం, అగరబత్తి పెట్టవద్దు. వాసన ఉన్నప్పుడు అక్కడి లైటు స్విచ్ కూడా వేయవద్దు. కారు స్టార్ట్ చేయకూడదు, తాళం ఆన్ కూడా చేయకూడదు. ఆన్ చేయగానే పంపు తిరిగి పైపుల్లోకి ఒత్తిడి వస్తుంది. ఇంజెక్షన్ బండ్లలో అది సుమారు 3 బార్ ఉంటుంది, టైరులో గాలి కన్నా ఎక్కువ. సూది మొనంత చీలిక ఉన్నా పొగమంచులా చిమ్ముతుంది.

ఆయిల్ పొగతో హెచ్చరిస్తుంది. పెట్రోల్‌కు ఆ ఓపిక లేదు. మన రోహిణి కార్తె ఎండ సంగతి అలా ఉంచండి, గడ్డకట్టే చలిలో కూడా అది మండే ఆవిరి వదులుతూనే ఉంటుంది. ఆ ఆవిరి గాలి కన్నా బరువు, నేలబారుగా పాకి ఎక్కడో ఉన్న నిప్పురవ్వను వెతుక్కుంటుంది.

మీ వారి మాటలో సగం నిజం. 20 శాతం ఇథనాల్ పెట్రోల్‌కు పాత కార్ల రబ్బరు పైపులు తయారైనవి కావు, అవి ఉబ్బుతాయి, చిట్లుతాయి. కానీ పైపు బాగుంటే ఏ పెట్రోల్ వాసనా బయటకు రాదు. మెకానిక్‌ను ఇంటికే పిలిపించి, ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీయించండి. ట్యాంకు నుంచి ఇంజెక్టర్ల దాకా ఉన్న రబ్బరు ముక్కలన్నీ ఒకేసారి మార్పించండి. పైపు మీద ఎస్ఏఈ జె30 ఆర్9 అని అచ్చు ఉండాలి. మీటర్ల లెక్కన అమ్మే మామూలు పైపు కార్బురేటర్ బండికి సరిపోతుంది గానీ ఇంజెక్షన్ ఒత్తిడికి ఆగదు. ఇంజెక్టర్ ఓరింగులు, ఫిల్టర్ దగ్గర క్లిప్పులు కొత్తవి వేయించండి. ఇనుప పైపులు కూడా తడిమి చూడమనండి, సముద్రం గాలికి అవి బ్రాకెట్ల కింద, కళ్లకు కనపడని చోట తుప్పు తింటాయి.

ప్రశ్న: కారులో ఏ ఫైర్ బాటిల్ పెట్టుకోవాలి? హైవే మీద మంట వస్తే ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: ఐఎస్ఐ గుర్తున్న ఏబీసీ పౌడర్ సిలిండర్, కిలోది కనీసం, రెండు కిలోలది మేలు. డిక్కీలో కాదు, ముందు సీటు కింద క్లాంపుతో బిగించండి. నెలకోసారి ముల్లు పచ్చలో ఉందో లేదో చూసి, తలకిందులుగా పట్టి కుదపండి, బండి అదురుకు పౌడరు అడుగున గడ్డకడుతుంది.

పొగ కనపడగానే ఎడమకు తీసి ఆపి, తాళం ఆఫ్ చేయండి. పెట్రోల్ పంపు ఆగడం అన్నిటికన్నా ముఖ్యం. అందరూ దిగి దూరంగా, ట్రాఫిక్ వైపు కాకుండా నిలబడాలి. బానెట్ పూర్తిగా ఎత్తవద్దు. ఎత్తితే గాలి దూరి మంట ముఖం మీదకే లేస్తుంది. దిగేటప్పుడే లోపలి లివర్ లాగి ఉంటే బానెట్ వేలెడు లేస్తుంది, ఆ సందులోంచే మంట మొదలు మీద కొట్టండి. కిలో సిలిండర్ ఎనిమిది పది సెకన్లే వస్తుంది. దానితో ఆగకపోతే వదిలేసి దూరం జరగండి. ఆయిల్, పెట్రోల్ మంట మీద నీళ్లు పోయవద్దు, పరుచుకుంటుంది. 101 గానీ 112 గానీ కొట్టండి, హైవే అయితే 1033 కూడా.

ఇంకోటి, మీరు అడగకపోయినా చెప్పాలి. కోతల కాలంలో లోపలి ఊళ్ల రోడ్ల మీద కంది కట్టె, మినుము, జొన్న చొప్ప నూర్పిడికి పరుస్తారు. స్పోర్ట్స్ కార్ల అడుగు నేలకు జానెడు కూడా ఉండదు. ఆ ఎండుకట్టె కింద చుట్టుకుని ఎగ్జాస్ట్ పైపులో పొగను శుద్ధి చేసే, బాగా కాలే కేటలిటిక్ కన్వర్టర్‌కు తగిలితే ఆయిల్ లీకు లేకుండానే అంటుకుంటుంది. వేరే దారి లేక దాటాల్సి వస్తే, దాటిన వెంటనే ఆపి కిందికి వంగి చూసి, చిక్కుకున్నది కర్రతో లాగేయండి. చొప్ప మీద మాత్రం ఎప్పుడూ బండి ఆపి ఉంచవద్దు.

ప్రశ్న: ఇంజిన్ పక్కన ఎలుకలు కొబ్బరి పీచు, వరిగడ్డి తెచ్చి గూడు పెడుతున్నాయి. వైర్లు కూడా కొరికాయి. మిరపపొడి చల్లమంటున్నారు.
– ఒక పాఠకుడు, కోవూరు

జవాబు: మిరపపొడి రెండు రోజుల మాట. వారానికోసారైనా బానెట్ ఎత్తి చూసి, గూడు కనిపిస్తే చేత్తో ఏరేసి, అప్పుడే స్టార్ట్ చేయండి. కొరికిన వైరుకు టేపు చుట్టి ఊరుకోవద్దు, ముక్క కోసి కొత్తది అతికించి, వేడికి ముడుచుకుని వైరును పట్టేసే హీట్ ష్రింక్ స్లీవు వేయించండి. హారన్‌కో లైట్లకో బ్యాటరీ నుంచి నేరుగా లాగిన వైర్లు ఉంటే ఒక్కో దానికి ఫ్యూజు ఉండాలి. ఫ్యూజు లేని వైరును ఎలుక కొరికితే బండి నిలబెట్టిన చోటే, అర్ధరాత్రి కూడా, అంటుకోవచ్చు.

ప్రశ్న: పాత కారే కదా అని థర్డ్ పార్టీ ఇన్సూరెన్సే కడుతున్నాను. కాలిపోతే డబ్బు వస్తుందా?
– ఒక పాఠకుడు, చీమకుర్తి

జవాబు: రాదు. థర్డ్ పార్టీ అవతలివాళ్ల నష్టానికే. మీ బండి కాలిన నష్టం రావాలంటే సొంత నష్టానికి కూడా పాలసీ ఉండాలి. ఐదేళ్లు దాటిన కారు విలువ మీరూ కంపెనీ మాట్లాడుకుని రాసుకునేదే, కాబట్టి చేయించిన పనుల బిల్లులు, ఫొటోలు చూపించి అడగండి. వేయించిన అదనపు లైట్లు, సౌండ్ సిస్టమ్ పాలసీలో రాయించండి. బండి పదిహేనేళ్లు దాటినదైతే ఆర్‌సీ రెన్యువల్ గడువు కూడా ఒకసారి చూసుకోండి. అది ఐదేళ్లకే ఇస్తారు.