మధురవాడ, రుషికొండ వైపు కాపురం పెట్టడం సేఫేనా? పన్నెండేళ్ళుగా ఇక్కడే ఉంటున్నాను, నాకు తెలిసింది చెబుతాను

మీ ప్రశ్న చదివాను. మీకు కర్నూలు నుంచి విశాఖకు బదిలీ అయింది. ఎండాడ, రుషికొండ మధ్య ఒక ఫ్లాటు నచ్చింది. మీ భార్య నర్సు, వారంలో మూడు రోజులు రాత్రి తొమ్మిదిన్నర దాటాక ఇంటికి వస్తారు. తొమ్మిదేళ్ళ పాప ఉంది. ఎవరో బంధువు "అటు క్రైమ్ రేటు ఎక్కువ, గంజాయి బ్యాచ్‌లు తిరుగుతుంటాయి, వద్దు" అన్నారు. అది నిజమా అని అడిగారు.

మేము 2013లో సాగర్ నగర్‌కు వచ్చాం. నేను స్కూల్ టీచర్‌ని. మా ఆయనది మధురవాడ ఐటీ కొండ మీద ఉద్యోగం, సగం రోజులు నైట్ షిఫ్టే. కాబట్టి రాత్రిపూట పిల్లలతో ఒంటరిగా ఉండటం, చీకటి పడ్డాక స్కూటీ మీద ఇంటికి రావడం నాకు బాగా అలవాటు. ముందు సూటిగా జవాబు చెబుతాను: రండి, ఉండొచ్చు. కానీ మీరు దొంగల గురించి భయపడుతున్నారు. పన్నెండేళ్ళలో మా చుట్టుపక్కల ఇళ్ళలో విషాదం నింపింది దొంగలు కాదు, సముద్రం, రోడ్డు. సముద్రం ఏ క్రైమ్ రేటులోనూ కనిపించదు. రోడ్డు మరణాలు కేసులుగా నమోదైనా, క్రైమ్ అనగానే ఎవరికీ అవి గుర్తురావు.

మీ బంధువు చెప్పిన క్రైమ్ రేటు ఎక్కడిదో అడగండి. జాతీయ నేర రికార్డుల బ్యూరో ఏటా ఇచ్చే నివేదికలో మహానగరాల పట్టిక ఒకటి ఉంటుంది. 2015 దాకా పది లక్షల జనాభా దాటిన 53 నగరాలను అందులో లెక్కించేవారు. ఆ తర్వాత ఇరవై లక్షలు దాటినవే, అంటే 19 నగరాలనే తీసుకుంటున్నారు. 2011 జనగణన ప్రకారం మన విశాఖ ఆ గీత కిందే ఆగిపోయింది. జిల్లాల వారీ లెక్కల్లో విశాఖ నగరం అని ఉన్నా, అది మొత్తం పోలీస్ కమిషనరేట్‌కు కలిపి ఇచ్చే అంకె. గాజువాక పారిశ్రామిక వాడ, పాత పోస్టాఫీసు ప్రాంతం, భీమిలి సముద్రతీరం అన్నీ అందులోనే. అందులోంచి మధురవాడను విడదీసి చెప్పలేం. ఇక ఇంటర్నెట్‌లో కనిపించే క్రైమ్ ఇండెక్స్‌లలో కొన్ని, జనం ఆన్‌లైన్‌లో నింపిన అభిప్రాయాలతో తయారైనవి. వాటిని చూసి ఇల్లు వదులుకోవద్దు.

ఇంకో సంగతి. నమోదైన కేసునే నేరంగా లెక్కిస్తారు. ఒకే కేసులో రెండు మూడు నేరాలుంటే, అన్నిటికంటే పెద్దదాన్నే లెక్కలోకి తీసుకుంటారు. అసలు కేసే రాయకపోతే లెక్కలో ఏమీ ఉండదు. ఇది మా ఇంట్లోనే చూశాం.

2024 శ్రావణంలో మా అత్తగారు వరలక్ష్మీ వ్రతానికి మా ఆడపడుచు ఇంటికి వెళ్ళారు. అది మా వైపు కాదు, నగరంలో ఇంకో మూల. ఉదయం ఆరు గంటలకు గేటు ముందు నీళ్ళు చల్లి ముగ్గు వేస్తున్నారు. బండి మీద ఇద్దరు కుర్రాళ్ళు వచ్చి, ఫలానా వాళ్ళ ఇల్లెక్కడ అని అడిగారు. ఆవిడ తలెత్తేలోపు మూడు తులాల పుస్తెలతాడు లాగేశారు. మెడ మీద చారికలు పడ్డాయి, కిందపడి మోచెయ్యి చీరుకుపోయింది. స్టేషన్‌కు వెళ్తే అక్కడి వాళ్ళు "గొలుసు పోగొట్టుకున్నట్టు కాగితం రాసివ్వండమ్మా, ఫుటేజీ చూసి చెబుతాం" అన్నారు. డెబ్బై ఏళ్ళ మనిషి రక్తం కారుతూ కూర్చుంటే, పోగొట్టుకున్నట్టు రాయమన్నారు! మర్నాడు లా చదివిన మా మరిదిని తీసుకుని మళ్ళీ వెళ్ళాం. 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో స్నాచింగ్ అనేది 304వ సెక్షన్ కింద విడిగా ఒక నేరం అని, ఫిర్యాదు చేసిన వాళ్ళకు ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలని మా మరిది నెమ్మదిగానే చెప్పాడు. అప్పుడు రాశారు. బంగారం ఇప్పటికీ దొరకలేదు. మా అత్తగారు మాత్రం ఆ రోజు నుంచి పసుపుతాడే వేసుకుంటున్నారు, బంగారం మాట ఎత్తనివ్వడం లేదు.

మరిది లేకపోతే ఆ నేరం ఏ లెక్కలోకీ ఎక్కేది కాదు. అందుకే నేరాలు తక్కువగా కనిపించే ప్రాంతం అంటే నాకు వెంటనే నమ్మకం కలగదు. అక్కడ కేసులు రాస్తున్నారా లేదా అని ముందు అడుగుతాను. మీకు ఎప్పుడైనా అలాంటి పరిస్థితి వస్తే, నేరం జరిగిన చోటు మా పరిధి కాదు అన్నా వినకండి. ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ రాయాలి. ఫోన్‌లోనో మెయిల్‌లోనో ఫిర్యాదు పంపినా, మూడు రోజుల్లో వెళ్ళి సంతకం చేస్తే కేసు నమోదు చేయాలి. ఎఫ్‌ఐఆర్‌లను ఆన్‌లైన్‌లో పెట్టాలని సుప్రీంకోర్టు 2016లోనే చెప్పింది, సున్నితమైన కేసులకు మినహాయింపుతో. ఓపిక ఉంటే ఒక సాయంత్రం కూర్చుని ఈ ప్రాంతానివి చూడండి. బంధువుల మాటల కంటే వాటితోనే మీకు అసలు బొమ్మ కనిపిస్తుంది.

ఇప్పుడు సముద్రం గురించి. ఇది చెప్పడానికే నేను ఇంత రాస్తున్నాను. దయచేసి పాప కోసం శ్రద్ధగా చదవండి.

మా కింది ఫ్లాటులో ఉండే అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం. ఆఖరి పరీక్ష రాసి, నలుగురు స్నేహితులతో సాగర్ నగర్, రుషికొండ మధ్య తీరానికి వెళ్ళాడు. లైఫ్‌గార్డులు ఉండే చోటు కాదది. మధ్యాహ్నం, ఎండ, కెరటాలు కూడా పెద్దగా లేవు. మోకాలి లోతులో నిలబడి ఫోటోలు తీసుకున్నారు. ఆ ఫోటోలు తర్వాత మేమందరం చూశాం, వెనకాల నీరు ఎంత ప్రశాంతంగా ఉందో. కాలి కింద ఇసుక జారింది, ఇద్దరు లోపలికి వెళ్ళిపోయారు. ఒకడిని అక్కడ వలలు సర్దుకుంటున్న వాళ్ళు లాగి బయటపడేశారు. మా అబ్బాయి (అలాగే అంటాను, పుట్టినరోజు నాడు మా ఇంట్లో పాయసం తాగి వెళ్ళేవాడు) మూడో రోజు భీమిలి వైపు ఒడ్డుకు వచ్చాడు. వాళ్ళమ్మ ఆ రోజు పరీక్షలు అయిపోయాయని చేపల పులుసు చేసి ఎదురుచూస్తోంది.

దాన్ని పోలీసులు అసహజ మరణంగా నమోదు చేశారు. నియమం ప్రకారం అది సరైనదే. మునిగి చనిపోయినవి ప్రమాద మరణాల లెక్కలోకి వెళ్తాయి, నేరాల్లోకి కాదు. కాబట్టి ఆ నెల మా ప్రాంతంలో హత్యలేవీ లేవు, శాంతిభద్రతలు బాగున్నట్టే. మా మెట్ల మీద మాత్రం చాలా నెలలు ఎవరూ గట్టిగా నవ్వలేదు.

తర్వాత జోడుగుళ్ళపాలెం నుంచి చేపలు తెచ్చే పెద్దాయన్ని అడిగాను, అంత ప్రశాంతంగా ఉన్న చోట ఎలా జరిగిందని. "కెరటం ఇరగని చోటే సెడ్డదమ్మా" అన్నాడు. మనం తెల్లటి నురగ చూసి భయపడి, పక్కన కెరటం లేని నల్లటి నీళ్ళలోకి పిల్లల్ని దింపుతాం. అసలు ప్రమాదం అక్కడే. కెరటాలు ఒడ్డు మీదకు తెచ్చిన నీరంతా ఒక సన్నని దారిలో వెనక్కి పోతుంది. దాన్నే రిప్ కరెంట్ అంటారు. ఆ దారిలో కెరటం విరగదు కాబట్టి పైకి మెత్తగా కనిపిస్తుంది. అది మనిషిని కిందకు ముంచదు, లోపలికి లాక్కుపోతుంది. భయంతో ఒడ్డు వైపే ఈదబోయి, అలసిపోయి మునుగుతారు. అందులో చిక్కుకుంటే ఎదురీదకుండా నీటి మీద తేలుతూ, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదాలి. కాసేపటికి లాగుడు తగ్గుతుంది. ఒడ్డున ఉన్నవాళ్ళు దూకకూడదు. మూత బిగించిన ఖాళీ వాటర్ క్యాన్, కూల్‌డ్రింక్ సీసా, తేలేది ఏది దొరికితే అది విసిరి, జాలర్లను కేకేయాలి. రక్షించబోయిన వాళ్ళూ పోయిన కథలు ఈ తీరంలో చాలా ఉన్నాయి.

రుషికొండ బీచ్‌కు 2020లో బ్లూ ఫ్లాగ్ (శుభ్రత, భద్రత చూసి బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు) వచ్చింది, దేశంలో మొదట వచ్చిన ఎనిమిదింటిలో అదొకటి. అక్కడ స్నానానికి గుర్తు పెట్టిన చోటు, లైఫ్‌గార్డులు ఉంటారు. పాపను నీళ్ళలోకి దింపాలనిపిస్తే అక్కడికే, ఆ గుర్తుల లోపలే, వాళ్ళు విజిల్ వేస్తే మారు మాట్లాడకుండా బయటికి. తీరం పొడుగునా అలాంటి కాపలా ఉండదు. తొట్లకొండ కింద, మంగమారిపేట దగ్గర, ఎర్రమట్టి దిబ్బల వైపు చూడటానికి ఎంతో బాగుంటుంది, చూసి రండి. కార్తీక స్నానాలకు, శివరాత్రి మర్నాడు, కనుమ నాడు, జనవరి ఒకటిన జనం ఎక్కువ కాబట్టి భయం లేదనుకుంటారు. నేను ఆ రోజుల్లో పిల్లల్ని ఒడ్డుకే పంపను.

రోడ్డు సంగతికి వస్తే, జాతీయ రహదారి 16 ఎండాడ, మధురవాడ, కొమ్మాది మీదుగా ఊరి మధ్యలోంచే వెళ్తుంది. ఒకవైపు లారీలు, ఒకవైపు స్కూల్ ఆటోలు. సర్వీసు రోడ్డు మీద ఎదురు వచ్చే బళ్ళు ఎక్కువ. నన్ను గుద్దింది కూడా అలా రాంగ్ సైడ్ వచ్చిన బైకే. హెల్మెట్ ఉంది కాబట్టి మణికట్టుతో పోయింది. బీచ్ రోడ్డు ఆదివారం తెల్లవారుజామున, శనివారం రాత్రి కుర్రాళ్ళ బైకు రేసులతో భయంకరంగా ఉంటుంది. ఆ వేళల్లో మీ భార్యను ఆ దారిన రానివ్వకండి, ఐదు నిమిషాలు ఎక్కువైనా హైవే వైపు నుంచే రమ్మనండి.

గంజాయి మాట అబద్ధం కాదు. పైన ఏజెన్సీ కొండల్లో పండేది కిందకు దిగి వెళ్ళే దారిలో ఉన్న నగరం ఇది, పైగా చుట్టూ కాలేజీలు. ఖాళీ లేఅవుట్లలో, సగం కట్టి వదిలేసిన భవనాల్లో సాయంత్రాలు గుంపులు కూర్చుంటాయి. నా అనుభవంలో వాళ్ళు దారిన పోయేవాళ్ళ జోలికి రాలేదు, కానీ రారని నేను హామీ ఇవ్వలేను. మా సందు చివర అలాంటి అడ్డా ఒకటి ఉండేది. గంజాయి ఫిర్యాదుల కోసం రాష్ట్రం పెట్టిన ఈగల్ విభాగం నంబరు 1972కు మా అసోసియేషన్ తరఫున చేశాం. దాంతోపాటు కార్పొరేషన్ వెంటపడి వీధిదీపం వేయించాం. నిజం చెప్పాలంటే దీపమే ఎక్కువ పనిచేసింది.

ఇంటి దొంగతనాలు మాత్రం ఉన్నాయి, ముఖ్యంగా సంక్రాంతికి అందరూ ఊళ్ళకు వెళ్ళినప్పుడు. తాళం వేసిన ఇంటిపై నిఘా పెట్టే ఎల్‌హెచ్‌ఎంఎస్ అనే ఏర్పాటు ఏపీ పోలీసులది ఉంది. మీరు ఊరెళ్ళే ముందు చెబితే ఇంట్లో కెమెరా పెడతారు. కెమెరా కంటే ముందు పక్కింటి వాళ్ళతో పరిచయం పెంచుకోండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు మా కాలనీ రోజుల తరబడి చీకట్లో ఉంది. తలుపులు ఊడిపోయిన ఇళ్ళున్నాయి. మగవాళ్ళు వంతులు వేసుకుని టార్చిలతో తిరిగారు, ఒక్క గిన్నె పోలేదు. కొత్తగా వచ్చిన మాకు ఈ ఊరి మీద నమ్మకం కుదిరింది ఆ వారంలోనే.

మీ భార్య ఫోన్‌లో, ఆపదలో పోలీసులను పిలిచే శక్తి యాప్ వేయండి, ఇదివరకటి దిశ స్థానంలో ఇప్పుడిదే. 112 ఎలాగూ ఉంది. బీచ్ రోడ్డు మీద భీమిలి వెళ్ళే 900కె బస్సు పగలు బాగానే దొరుకుతుంది, రాత్రి తొమ్మిది దాటితే దాన్ని నమ్ముకోవద్దు. డ్యూటీ అయ్యాక షేర్ ఆటోలో వచ్చేటట్టయితే, హైవే జంక్షన్ నుంచి నడవగలిగే దూరంలో ఇల్లుండటం మంచిది. బాల్కనీలోంచి సముద్రం కనిపించే ఫ్లాటులో ఉండాలని అందరికీ ఉంటుంది. మీ పరిస్థితికి మాత్రం నేను ఎండాడ వైపే చెబుతాను.

అడ్వాన్సు ఇచ్చే ముందు ఒకసారి పగలు కాదు, రాత్రి పదింటికి వెళ్ళండి, ఇద్దరూ. జంక్షన్‌లో దిగి ఇంటిదాకా నడవండి. దారిలో ఎన్ని దీపాలు వెలుగుతున్నాయి, ఆ వేళకు తెరిచి ఉన్న మందుల షాపు, టిఫిన్ బండి ఎన్ని ఉన్నాయి, ఖాళీ స్థలాలు ఎక్కడున్నాయి చూసుకోండి. టిఫిన్ బండి ఆవిడను అడగండి, రోజూ పదకొండుకు సామాన్లు సర్దుకుని ఒంటరిగా వెళ్ళేది ఆవిడే. తర్వాత మీరు జంక్షన్‌లోనే ఆగి, మీ భార్యను ఒక్కరినే అదే దారిలో మళ్ళీ నడిచి రమ్మనండి. ఆవిడ తిరిగి వచ్చి ఏం చెబితే దాని ప్రకారం చేయండి.