మొదటిసారి పీసీ అసెంబుల్ చేస్తున్నాం, ఈ పార్టులు ఒకదానికొకటి సరిపోతాయా?

మీ లిస్టు చూశాను. ఇంజనీరింగ్‌లో చేరుతున్న మీ అబ్బాయి కోడింగ్ కోసం ఐ5-12400ఎఫ్ ప్రాసెసర్, పేరు చివర డీ4 అని ఉన్న బీ660 మదర్‌బోర్డు, 16 జీబీ డీడీఆర్5 ర్యామ్ అనుకున్నారు. గేములు ఆడడు కాబట్టి గ్రాఫిక్స్ కార్డు వద్దన్నారు. డబ్బు కట్టకముందే అడిగి మంచి పని చేశారు. ఇందులో రెండు పొరపాట్లున్నాయి.

మొదటిది ప్రాసెసర్ పేరులోని ఆ ఎఫ్. అది ఉందంటే లోపల గ్రాఫిక్స్ లేనట్టే. విడిగా కార్డు పెట్టకపోతే మానిటర్ మీద ఏమీ రాదు. ఎఫ్ లేని ఐ5-12400 తీసుకోండి, కోడింగ్‌కి, వీడియోలకి అందులో ఉన్న గ్రాఫిక్స్ చాలు. రెండోది ర్యామ్. బీ660 బోర్డులు డీడీఆర్4 కోసం కొన్ని, డీడీఆర్5 కోసం కొన్ని వచ్చాయి. మీ బోర్డు పేరులో డీ4 అంటే డీడీఆర్4 మాత్రమే పడుతుంది. రెండిటికీ గాడి వేర్వేరు చోట్ల ఉంటుంది కాబట్టి డీడీఆర్5 అందులో దిగదు, బలవంతంగా నొక్కితే స్లాటు పాడవుతుంది.

నేను ఇంత వివరంగా చెప్పడానికి కారణముంది. 2021లో నా మొదటి పీసీకి రైజెన్ 5 5600ఎక్స్, బీ450 బోర్డు కొన్నాను. రెండిటిదీ ఏఎం4 సాకెట్టే (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు), ప్రాసెసర్ చక్కగా కూర్చుంది. ఆన్ చేస్తే ఫ్యాన్లు తిరుగుతున్నాయి, స్క్రీన్ మాత్రం నల్లగా ఉంది. రెండు రోజులు ర్యామ్ తీసి పెట్టడం, కేబుళ్లు మార్చడం, ఒకటే టెన్షన్. అసలు విషయం ఏమిటంటే బీ450 బోర్డులు 2018 నాటివి, ఆ ప్రాసెసర్ 2020 చివర్లో వచ్చింది. నా బోర్డు పాత స్టాకు, అందులో పాత బయాస్ (ఆన్ చేయగానే పీసీని మొదలుపెట్టే, బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్) ఉంది, అది కొత్త ప్రాసెసర్‌ని గుర్తుపట్టలేదు. చివరికి మా బాబాయి కొడుకు తన రైజెన్ 5 2600 తెచ్చి ఇస్తే, దాన్ని పెట్టి పెన్‌డ్రైవ్‌తో బయాస్ అప్‌డేట్ చేసి, మళ్లీ నాది బిగించాను. అప్పుడు వచ్చింది డిస్‌ప్లే.

అందుకే సాకెట్ కలిసింది కదా అని ఆగిపోకండి. బోర్డు కంపెనీ సైట్‌లో ఆ మోడల్ పేజీకి వెళ్లి సీపీయూ సపోర్ట్ లిస్టు తెరవండి. ఏ ప్రాసెసర్‌కి ఏ బయాస్ వెర్షన్ నుంచి సపోర్ట్ ఉందో అందులో రాసి ఉంటుంది. 12400కి బీ660తో ఇబ్బంది రాదు. అదే బోర్డు మీద 13, 14 జనరేషన్ ప్రాసెసర్ పెట్టాలంటే మాత్రం నాకు ఎదురైన సమస్యే రావచ్చు.

పీసీ అంతటికీ కరెంటు ఇచ్చే ఎస్‌ఎంపీఎస్ దగ్గర పొదుపు చేయకండి. క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చేది అసలు వాడొద్దు. తర్వాత ఎప్పుడైనా మాడ్యులర్ (కేబుళ్లు ఊడదీసే వీలున్న) ఎస్‌ఎంపీఎస్ మారిస్తే పాత కేబుళ్లు కొత్తదానికి తగిలించకండి. చూడ్డానికి ఒకేలా ఉన్నా లోపల వైర్ల వరస వేరుగా ఉండొచ్చు, డ్రైవులు కాలిపోయే ప్రమాదముంది.

టూల్స్‌కి పెద్ద ఖర్చు లేదు. కొసన అయస్కాంతం ఉన్న 2వ నంబర్ స్టార్ స్క్రూడ్రైవర్, ఎస్ఎస్‌డీ స్క్రూ కోసం చిన్నది ఒకటి, కొన్ని జిప్ టైలు, సెల్‌ఫోన్ టార్చ్. స్క్రూలన్నీ ఒక స్టీలు పళ్లెంలో వేసుకోండి. థర్మల్ పేస్ట్ కొనక్కర్లేదు, 12400 డబ్బాలో వచ్చే కూలర్‌కి ముందే పూసి ఉంటుంది.

ఒక్కటి మాత్రం తప్పకుండా చేయండి. క్యాబినెట్‌లో బిగించకముందే బోర్డుని దాని అట్టపెట్టె మీద పెట్టి, ప్రాసెసర్, కూలర్, ఒక ర్యామ్, 24 పిన్ కేబుల్, సీపీయూకి వెళ్లే 8 పిన్ కేబుల్, మానిటర్ కేబుల్ మాత్రమే తగిలించి ఆన్ చేసి డిస్‌ప్లే వస్తుందేమో చూడండి. క్యాబినెట్ బటన్ ఉండదు కాబట్టి బోర్డు మీది పవర్ స్విచ్ పిన్నులు రెండిటినీ స్క్రూడ్రైవర్ కొసతో ఒక్క క్షణం తాకిస్తే చాలు. నేను ఇలా చేసుంటే అంతా బిగించి, మళ్లీ అంతా విప్పే బాధ తప్పేది.

ఇంటెల్ సాకెట్‌లో పిన్నులు బోర్డు మీదే, వెంట్రుకల్లా ఉంటాయి, వేలు తగలనివ్వకండి. మా బావమరిదికి ఇంటెల్ పీసీ బిగించినప్పుడు ఆ లీవర్ నొక్కడానికి ఎంత బలం కావాల్సి వచ్చిందో చూసి భయమేసింది. మూలనున్న త్రిభుజం గుర్తులు కలిస్తే భయపడక్కర్లేదు, అది అంత గట్టిగానే ఉంటుంది.

బోర్డు పూర్తి మోడల్ పేరు, క్యాబినెట్ పేరు ఇక్కడ రాయండి. ఆ సపోర్ట్ లిస్టు నేనూ ఒకసారి చూసి చెబుతాను, ఆ తర్వాతే కొనండి.