వరంగల్ ఎండలకు పియానో తట్టుకుంటుందా?

హనుమకొండలో ఉంటున్నామనీ, పాత అప్‌రైట్ పియానో ఒకటి బేరానికి వచ్చిందనీ, మన ఎండలకు పాడవుతుందేమోననీ అడిగారు. మా ఇంట్లోనూ అలాంటిదే ఉంది. ఎండ గురించి అంత బెంగ అక్కర్లేదు. దాన్ని పీడించేది గాలిలో తేమ పెరుగుతూ తరుగుతూ ఉండడం. ఆ లెక్కన విశాఖ కంటే వరంగలే కష్టం. అక్కడ ఏడాది పొడవునా చెమ్మే. ఇక్కడ మే నెలలో గాలి ఎండిపోతుంది, ఆగస్టు వచ్చేసరికి చెక్క తలుపులు ఉబ్బి గడపకు పట్టేస్తాయి.

పియానోలో తీగల వెనక ఉండి నాదాన్ని పెంచే పలక, అంటే సౌండ్‌బోర్డు, సాధారణంగా స్ప్రూస్ అనే చెట్టు చెక్క, సెంటీమీటరు మందం లోపే. చెమ్మకు ఉబ్బితే తీగలను నెట్టి శ్రుతి పెంచుతుంది, ఎండితే దించుతుంది. పోనీ అన్నీ కలిసి కదిలినా బాగుండేది. మధ్యస్థాయి స్వరాలు ఎక్కువగా, చివర్లవి తక్కువగా జరుగుతాయి. అందుకే వానాకాలంలో ఒకే స్వరాన్ని రెండు స్థాయిల్లో కలిపి నొక్కితే నాదం అలలు అలలుగా వణుకుతుంది.

అప్పుడే కొన్ని మీటలు నొక్కితే పైకి లేవవు. మీట రంధ్రంలో అంటించిన ఉన్ని గుడ్డ ఉబ్బి లోపలి పిన్నును పట్టేస్తుంది. కుట్టుమిషను నూనె మాత్రం పోయకండి! పియానో శ్రుతి చేసే మనిషి, అంటే ట్యూనర్, చిన్న పట్టకారుతో ఆ గుడ్డను అదిమితే సరిపోతుంది.

వానాకాలపు జబ్బులు చాలావరకు నయమవుతాయి, వేసవివి అలా కాదు. చెక్క కుంచించుకుపోయి సౌండ్‌బోర్డు పగలవచ్చు, తీగలు చుట్టి బిగించే శ్రుతి మేకులు వదులు కావచ్చు. సుమారు 230 తీగల లాగుడు మొత్తం 15 టన్నులు దాటుతుంది, ఆ లాగుడుకు తీగలు వదులవకుండా ఆపేది ఆ మేకుల పట్టే. కొనే ముందు ట్యూనర్‌తో అదొక్కటీ పరీక్ష చేయించండి. పైన పాలిష్ ఎంత మెరిసినా నమ్మకండి.

ఇక కూలర్. కూలర్ తిరిగే గదిలో పియానో వద్దే వద్దు. పగలంతా తడిగాలి, ఆపగానే పొడిగాలి, అంటే రెండు రుతువులూ ఒక్కరోజులోనే. గంటసేపు వేసి ఆపేసే ఏసీతోనూ ఇదే తంటా. తేమ కొలిచే మీటరు చవకే, 40 నుంచి 60 శాతం మధ్య నిలిస్తే మేలు. వానాకాలంలో పియానో లోపల అమర్చే హీటర్ కడ్డీ పనికొస్తుంది, తేమను బట్టి దానంతట అదే ఆగిపోయేదైతేనే.

శ్రుతి చేయించడానికి నవంబరు మంచిది. తొలకరికే ట్యూనర్‌ను పిలిస్తే డబ్బు దండగ. కూలర్ హాలు తప్ప వేరే చోటు లేకపోతే డిజిటల్ పియానో కొనుక్కోండి.