ఎంబసీ అధికారి ఇంట్లో వంటపని: ఆయనకున్న రక్షణ మన మనిషికి కూడా ఉంటుందా?

వింజమూరు నుంచి మీ వదినగారు కువైట్‌లో వేరే దేశపు ఎంబసీ అధికారి ఇంట్లో వంటపనికి వెళ్ళాలనుకుంటున్నారని, "దౌత్యవేత్త ఇల్లు, పోలీసులు గడప కూడా తొక్కరు, మీ మనిషికి ఢోకా లేదు" అని ఏజెంటు అంటున్నాడని, నమ్మొచ్చా అని అడిగారు.

పోలీసులు గడప తొక్కరన్న మాట నిజమే. కాకపోతే దానివల్ల ఢోకా లేనిది ఆ అధికారికి. మా పిన్ని ఉదయగిరి దగ్గర్నుంచి వెళ్ళి అలాంటి ఇంట్లోనే చేసింది కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నా.

ఈ రక్షణలన్నీ దౌత్యాధికారుల గురించి దేశాలు చేసుకున్న 1961 నాటి వియన్నా ఒప్పందంలో ఉన్నాయి. దౌత్యాధికారిని, ఆయనతో కలిసి ఉండే కుటుంబాన్ని అరెస్టు చేయకూడదు, క్రిమినల్ కేసు నడపకూడదు. ఆయన ఒప్పుకోకపోతే పోలీసే కాదు, లేబర్ ఇన్‌స్పెక్టర్ కూడా ఇంట్లో అడుగు పెట్టలేడు. సివిల్ కేసులు సొంత స్థిరాస్తి, వారసత్వం, ఉద్యోగంతో సంబంధం లేని సొంత వ్యాపారం విషయాల్లోనే నడుస్తాయి. పనిమనిషి జీతం ఎగ్గొట్టడం వీటిలోకి తేలిగ్గా రాదు. మరి అదే ఇంట్లో వంట చేసే మనిషికి ఆ ఒప్పందం కచ్చితంగా ఇచ్చేదేమిటంటే, జీతం మీద పన్ను మినహాయింపు. కువైట్‌లో ఎలాగూ జీతాల మీద ఆదాయపు పన్ను లేదు, ఇక దాన్నేం చేసుకుంటాం?

అంటే ఇంట్లో గొలుసు పోయిందని మేడం ఫిర్యాదు చేస్తే పోలీసులు మన మనిషిని తీసుకెళ్ళొచ్చు. కొట్టారని మన మనిషి ఫిర్యాదు చేస్తే మేడంని స్టేషన్‌కి రప్పించలేరు. కువైట్‌లో ఇంటిపనివాళ్ళ కోసం 2015లో చట్టం వచ్చింది, వారానికో సెలవు కూడా రాశారు. ఆ గుమ్మం దాటి లోపలికి వెళ్ళి దాన్ని అమలు చేయించేవాళ్ళే ఉండరు.

మా పిన్నికి మొదట్లో జీతం సక్రమంగానే వచ్చింది. తర్వాత "వచ్చే నెల కలిపి ఇస్తాం" మొదలైంది. పాస్‌పోర్టు మేడం బీరువాలో ఉంది. ఆయనకు ట్రాన్స్‌ఫర్ అయిందని, ఇంట్లో అట్టపెట్టెలు సర్దుతున్నారని ఒక రాత్రి ఫోన్ చేసింది. "ఒరే అబ్బయా, వీళ్ళు పోతే నేనెవురిని అడగాల?" అంది. నాకు టెన్షన్ పట్టుకుంది. అక్కడ డ్రైవర్‌గా ఉన్న మా కలిగిరి అతన్ని పోలీస్ స్టేషన్‌కి పంపితే, ఇల్లు ఎవరిదో చెప్పగానే అది తమ చేతిలో లేదు, విదేశాంగ శాఖకు వెళ్ళమన్నారట. చివరికి మన ఎంబసీలో అర్జీ పెట్టించాం. అక్కడ ఆదుకున్నది పిన్ని దాచుకున్న రసీదులు. ఇంటికి డబ్బు పంపినప్పుడల్లా ఎక్స్ఛేంజి వాళ్ళిచ్చే చీటీని ఒక ప్లాస్టిక్ కవర్లో నెలల వారీగా పెట్టుకుంది. ఏ నెల నుంచి చీటీ ఆగిపోయిందో ఎవరు చూసినా తెలిసిపోతుంది.

మన ఎంబసీ వాళ్ళు కోర్టు ఊసే ఎత్తలేదు, నేరుగా ఆ దేశపు ఎంబసీకి రాశారు. కొత్త పోస్టింగుకి వెళ్ళేముందు ఇలాంటి కాగితం పైవాళ్ళ చేతిలో పడటం ఎవరికి ఇష్టం? కొన్నాళ్ళకే మేడం వంటింటి గట్టు మీద ఒక కవరు, దానిమీద పాస్‌పోర్టు పెట్టి మాట్లాడకుండా వెళ్ళిపోయింది. పిన్ని అక్కడే నిలబడి లెక్కపెట్టుకుంది. అందులో కొంత తక్కువైంది. ఇక దానికి నీళ్ళొదులుకున్నాం.

పోలీసుల దగ్గర కానిది అక్కడెందుకు అయిందంటే, ఆ రక్షణ అధికారి సొంత ఆస్తి కాదు, ఆయన్ని పంపిన దేశానిది. దాన్ని వదులుకునే హక్కు కూడా ఆ దేశానిదే. ఇక ఆతిథ్య దేశం చేతిలో ఉన్నది, కారణం చెప్పకుండానే "ఈయన మాకొద్దు" అని వెనక్కి పంపడం. అందుకే చిక్కు వస్తే తిరగాల్సింది ఆయన్ని పంపిన దేశం, ఆతిథ్య దేశం, ఈ రెండింటి విదేశాంగ శాఖల చుట్టూ, అదీ ఆయన ఇంకా అక్కడ ఉండగానే. పదవి ముగిసి దేశం వదిలాక సొంత వ్యవహారాలకు రక్షణ ఉండదని బ్రిటన్ సుప్రీంకోర్టు 2017లో చెప్పింది గానీ, అప్పటికి ఆయన ఎక్కడుంటాడో! 2015లో గుర్గావ్‌లో సౌదీ దౌత్యాధికారి ఇంటి నుంచి ఇద్దరు నేపాలీ మహిళలను పోలీసులు బయటికి తెచ్చారు. ఆరోపణలు చాలా తీవ్రమైనవి, అయినా ఆయన విమానమెక్కి వెళ్ళిపోయాడు.

ఆశ పడదగ్గ మార్పు ఒకటుంది. బ్రిటన్ సుప్రీంకోర్టే 2022లో, పనిమనిషిని బానిసలా పెట్టుకుని లాభపడటం కూడా సొంత వ్యాపారం కిందికే వస్తుంది, దానికి సివిల్ కేసులో రక్షణ లేదు అని 3-2తో తీర్పిచ్చింది. అది అక్కడి తీర్పు, కువైట్ కోర్టులు దానికి కట్టుబడి ఉండక్కర్లేదు.

ఆ అధికారి ఎంబసీలోనా, కాన్సులేట్‌లోనా అన్నది కూడా కనుక్కోండి. కాన్సులేట్ వాళ్ళకు ప్రధానంగా ఉద్యోగపు పనుల వరకే రక్షణ. 2013లో న్యూయార్క్‌లోని మన కాన్సులేట్ అధికారి దేవయాని ఖోబ్రగడేను అరెస్టు చేయగలిగింది అందుకే. అక్కడా గొడవ పనిమనిషి వీసా, జీతం గురించే. దేవయానిని ఐక్యరాజ్యసమితిలోని మన బృందానికి మార్చాక పూర్తి రక్షణ వచ్చింది.

వెళ్ళడమే ఖాయమైతే జీతం చేతికి కాకుండా వదినగారి పేరున బ్యాంకులో పడేలా, ఉద్యోగ ఒప్పందం కాగితం మీద ఆ ఎంబసీ ముద్ర ఉండేలా అడగండి. ఇక ఏజెంటు సంగతి. ఆమె పాస్‌పోర్టు ఈసీఆర్ (కొన్ని దేశాలకు పనికి వెళ్ళేముందు ప్రభుత్వ అనుమతి తీసుకోవాల్సిన రకం) అయితే ఇంటిపనికి ముప్పై ఏళ్ళు నిండాలి, ప్రభుత్వం గుర్తించిన సంస్థ ద్వారానే వెళ్ళాలి. మన రాష్ట్రంలో అది ఓంక్యాప్ అనే ప్రభుత్వ సంస్థ. ప్రైవేటు ఏజెంటు పంపడానికి వీల్లేదు. అతను ఏ వీసా మీద పంపుతానంటున్నాడో ముందు అడగండి, విజిట్ వీసా అంటే అక్కడితో మాట ఆపేయండి.