చలికాలం ఇంట్లో ఆకుకూరలు: తోటకూర జానెడు పెరగకుండానే ఎన్ను వేస్తోంది, ఎందుకు?

ప్రశ్న: మేం అమెరికాలోని మినియాపోలిస్‌లో ఉంటున్నాం. కిందటి చలికాలం దక్షిణం వైపు కిటికీ దగ్గర కుండీల్లో తోటకూర, గోంగూర, మెంతి, కొత్తిమీర వేశాను. తోటకూర సన్నగా సాగి, జానెడు పెరగకుండానే ఎన్ను వేసింది. గోంగూర నాలుగాకులకే మొగ్గ తొడిగింది. మెంతి మొలకలు మొదలు దగ్గర పడిపోయాయి. కుండీల మీద సన్నటి నల్ల ఈగలు ముసిరాయి. ఈసారి బేస్‌మెంట్‌లో లైట్లు పెట్టి వేద్దామనుకుంటున్నాం. అక్కడ 17 డిగ్రీలు ఉంటుంది. ఎలా వేయాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ తోటకూరకు వచ్చినవి రెండు వేర్వేరు ఇబ్బందులు. మొక్క సన్నగా సాగడం వెలుగు చాలక. ఎన్ను వేయడం పగలు చిన్నదై. ఒకటి వెలుగు ఎంత గట్టిగా పడుతుందన్నది, ఇంకొకటి ఎన్ని గంటలు పడుతుందన్నది. రెండూ సరిచేస్తేనే కూర చేతికొస్తుంది.

డిసెంబరు చివర్లో మీ ఊళ్ళో పగలు 9 గంటలు కూడా ఉండదు. తోటకూర, గోంగూర రెండూ పగలు తగ్గితే పూతకు వచ్చే జాతులు. మన ఊళ్ళలో తొలకరికి వేసిన గోంగూర కూడా కార్తీకం నాటికి మొగ్గ తొడిగేది ఇందుకే. మీ కిటికీలో మొలిచిన మొక్క పుట్టినప్పటి నుంచే చిన్న పగలు చూసింది కాబట్టి ఆకు పెంచకుండా నేరుగా గింజ దారి పట్టింది. వీటికి రోజూ 14 నుంచి 16 గంటలు లైటు వేసి ఉంచండి.

కొత్తిమీర, పాలకూర దీనికి పూర్తిగా తిరగబడి ఉంటాయి. పగలు పెరిగితే ఇవి కాడ తీసి పూతకు వస్తాయి. అక్కడ ప్యాకెట్లలో అమ్మే స్పినాచ్ మన పాలకూర కాదు, వేరే పంట. కానీ అదీ 14 గంటలు దాటితే కాడ తీస్తుంది. అందుకని అన్నీ ఒకే అరలో, ఒకే టైమరు కింద పెట్టొద్దు. కొత్తిమీర, పాలకూరకు 11–12 గంటలు చాలు. మెంతిని నెలలోపే కోసేస్తాం కాబట్టి ఎటు పెట్టినా ఫరవాలేదు. రెండు అరల మధ్య నల్లటి గుడ్డ కట్టండి. ఒక అర వెలుగు రెండో అరలో పడితే టైమరు పెట్టిన ఫలితం పోతుంది.

ఇక వెలుగు గట్టిదనం. 2 అడుగుల వెడల్పు, 4 అడుగుల పొడవున్న అరకు 40 వాట్ల తెల్ల ఎల్‌ఈడీ ట్యూబులు మెంతి, కొత్తిమీరకైతే రెండు, తోటకూర, గోంగూరకైతే మూడు కావాలి. ఊదా రంగు లైట్లే కావాలని లేదు. ఆకు కొస నుంచి జానెడు ఎత్తులో గొలుసుతో వేలాడదీయండి, మొక్క పెరిగేకొద్దీ పైకి లాగండి. ఫోన్‌లో లక్స్ మీటర్ యాప్ ఆకుల మీద పెట్టి చూస్తే 12–15 వేల లక్స్ (వెలుగు కొలత) రావాలి. మబ్బు రోజున కిటికీకి మీటరు దూరంలో చాలాసార్లు 2 వేలు కూడా రాదు. మూడు ట్యూబులు 14 గంటలు వెలిగితే నెలకు 50 యూనిట్ల కరెంటు అవుతుంది.

17 డిగ్రీలు కొత్తిమీర, మెంతి, పాలకూరకు బాగా నప్పుతుంది. తోటకూర, గోంగూరకు 22 దాటాలి. వాటిని పై అరలో పెట్టండి. కింది అర లైట్ల వేడి పైఅర అడుగుకు తగులుతుంది. అదీ చాలకపోతే మొలకెత్తేదాకా ట్రే కింద హీట్ మ్యాట్ వేయండి.

పెరటి మట్టి వాడొద్దు. కడిగిన కొబ్బరిపొట్టు రెండు పాళ్ళు, పెర్లైట్ (నీరు నిలవకుండా కలిపే తేలికైన తెల్ల గుళికలు) ఒక పాలు, వర్మీకంపోస్టు ఒక పాలు కలపండి. అడుగున్నర పొడవు, ముప్పావు అడుగు వెడల్పు ట్రేకి మెంతులు 15 గ్రాములు చాలు, రాత్రంతా నానబెట్టి చల్లాలి. ధనియాలు 10 గ్రాములు, చెప్పుతో గానీ చపాతీ కర్రతో గానీ నలిపి రెండు బద్దలు చేసి 12 గంటలు నానబెట్టండి. తోటకూర అర గ్రాము, పిడికెడు పొడి ఇసుకలో కలిపి చల్లితేనే సమంగా పడుతుంది. రంగు పూసిన విత్తనం మందు పట్టించినదని అర్థం. లేత మొలకగా కోసుకు తినేవాటికి దాన్ని ముట్టుకోవద్దు.

మెంతి పడిపోవడం నారుకుళ్ళు తెగులు. పడిన మొలకను దగ్గరగా చూడండి, మట్టిని అంటుకున్న చోట కాడ నీరు పట్టినట్టై దారంలా సన్నబడి ఉంటుంది, పైన ఆకులు మాత్రం పచ్చగానే ఉంటాయి. ఒత్తుగా చల్లడం, పైనుంచి చల్లటి కుళాయి నీళ్ళు పోయడం, గాలి ఆడకపోవడం దీనికి కారణాలు. ఆ జాగాలో పొట్టుతో సహా తీసి పారేయండి. నీళ్ళు గది వేడికి వచ్చాక, ట్రే కింద పళ్ళెంలో పోసి, అరగంట తర్వాత మిగిలినవి ఒంపేయండి. ఆకులు కాస్త కదిలేట్టు చిన్న ఫ్యాను తిప్పండి. కిందటేటి పొట్టు మళ్ళీ వాడొద్దు.

ఆ నల్ల ఈగలు ఫంగస్ నాట్స్. అవీ తడి ఎక్కువైతేనే వస్తాయి. బంగాళదుంప ముక్క పొట్టు మీద బోర్లించి రెండు రోజులాగి ఎత్తి చూడండి, నల్ల తలతో తెల్లటి సన్న పురుగులు అంటుకుని ఉంటే వేళ్ళను తింటున్నట్టే. పైన అంగుళం మేర ఆరనిచ్చి నీళ్ళివ్వండి. పసుపు జిగురు అట్టలు ఎగిరే ఈగలను పడతాయి. మట్టిలోని పురుగులకైతే, దోమల నివారణకు అమ్మే బీటీ ఇజ్రాయిలెన్సిస్ (పురుగులను చంపే ఒక బ్యాక్టీరియా) గుళికలను ప్యాకెట్ మోతాదులో నానబెట్టి, వడకట్టి ఆ నీళ్ళు పోయాలి. గొంగళి పురుగులకు వాడే బీటీ వీటి మీద పనిచేయదు.

మొలక ఆకుల తర్వాత రెండు నిజమైన ఆకులు వచ్చాక 20-20-20 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉన్న) ఎరువు లీటరు నీటికి 1 గ్రాము, వారానికోసారి. కొబ్బరిపొట్టు కాల్షియంను పట్టేసుకుంటుంది, కాబట్టి పక్షానికోసారి కాల్షియం నైట్రేట్ లీటరుకు అర గ్రాము విడిగా ఇవ్వండి. రెండూ ఒకే నీటిలో గాఢంగా కలిపితే తెల్లగా అడుగున పేరుకుపోతాయి.

మెంతి, తోటకూర 25–30 రోజులకు, కొత్తిమీర 40–45 రోజులకు కోతకొస్తాయి. పది రోజులకో ట్రే చొప్పున విత్తుకుంటే కూర తెగదు. బెండ, బీర, టమాటా మాత్రం ఈ లైట్ల కింద వేయొద్దు, వాటికి దీనికి రెట్టింపు వెలుగు కావాలి. ఆకులు వస్తాయి గానీ కాయ నిలవదు.